గంప కింద నేరస్థలం

తెల్లవారుతూనే గంప ఎత్తింది ముసలమ్మ. రాత్రి కమ్మినప్పుడు తల్లికోడి రెక్కల కింద పదకొండు పిల్లలు. ఇప్పుడు ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదే. నెత్తురు మరక లేదు, ఈక లేదు, గంప మీద పెట్టిన రాయి పెట్టినట్టే ఉంది. తల్లికోడి మాత్రం ఒళ్లంతా ఈకలు రిక్కించుకుని, గొంతులో గురగురమంటూ ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు.

అరగంట తిరక్కుండానే తీర్పులు వచ్చేశాయి. "పిల్లే అత్తా, నిన్న సందేళ గోడ మీద తిరిగింది" అంది కోడలు. "రాయి కదలకుండా పిల్లి ఎట్టా వస్తది పెద్దమ్మా? ముంగిసయ్యుంటది" అన్నాడు పక్కింటాయన. దారిన పోతున్న మేకల కాపరి గుమ్మం దగ్గర ఆగి, పామే అని తేల్చేసి వెళ్లిపోయాడు. ముగ్గురూ తీర్పు చెప్పారు గానీ ఒక్కరూ గంప కింది నేల వైపు చూడలేదు.

కోళ్లున్న ఏ ఊళ్లోనైనా ఇలాంటి ఉదయం కొత్తేం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు వగైరా కలిపి 85.18 కోట్లు. అందులో పెరటి పక్షులే 31.7 కోట్లు. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి పెంపకం దాదాపు 46 శాతం పెరిగింది. ఫారం కోడి పుట్టింది మొదలు వల లోపలే బతుకుతుంది. పెరటి కోడి అలా కాదు. పొద్దున వదిలితే పెంటకుప్ప, గడ్డివాము, పొరుగువాళ్ల దొడ్డి తిరిగి చీకటి పడేవేళకు గూడు చేరుతుంది. ఈ మధ్యలో దాని మీద కన్నేసేవాళ్లు ఆకాశంలో ఉన్నారు, కంచెలో ఉన్నారు, కన్నంలోనూ ఉన్నారు. ఒక్కొక్కరి నోరు ఒక్కో తీరు, ఒక్కొక్కరి వేళ ఒక్కో వేళ. ఆ రెండూ చదవడం వస్తే దొంగ దొరికినట్టే. చిక్కల్లా, మనం చివరిసారి ఎవర్ని చూశామో వాళ్ల మీదే నేరం మోపేస్తాం.

పగటి నేరానికి మొదటి సాక్షి కోడే. అది కూసే కూతలో దొంగ ఎటునుంచి వచ్చాడో ఉంటుంది. క్రిస్టఫర్ ఎవాన్స్, లిండా ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో దీన్ని చక్కగా తేల్చారు. కోడిపుంజుకు తల పైన ఎత్తులో బిగించిన తెరలో డేగ ఎగురుతున్న బొమ్మ చూపిస్తే సన్నగా, సాగదీసి ఒక కూత కూసింది. నేల ఎత్తులో ఉన్న తెర మీద రాకూన్ అనే జంతువును చూపిస్తే కొక్కొక్కొక్కొమని తెంపులు తెంపులుగా అరిచింది. తర్వాత ఏ బొమ్మా లేకుండా ఆ కూతలను మాత్రమే రికార్డు వేసి పెట్టలకు వినిపించారు. మొదటి కూత వినగానే అవి చాటుకు పరుగెత్తి, నేలకు అణిగి, తల పక్కకు వాల్చి ఆకాశం చూశాయి. రెండో కూత వినగానే మెడలు నిటారుగా నిక్కించి చుట్టూ కలయజూశాయి. అంటే కోడి భయపడిందని మాత్రమే కాదు, దేనికి భయపడిందో కూడా కూతలో చెబుతుంది. దొడ్లో పని చేసుకుంటూ, తలెత్తకుండానే "గద్దొచ్చినట్టుందే, చూడు" అనే ఆడవాళ్లకు ఇది పరిశోధన కాకముందే తెలుసు. అదే మార్లర్ బృందం అంతకుముందే ఇంకో సంగతి గమనించింది. ఒంటరిగా ఉన్న పుంజు డేగను చూసినా చాలాసార్లు నోరు మెదపదు. పక్కన పెట్ట ఉంటేనే కేకలు వేస్తుంది.

రాత్రయితే ఆ సాక్షి పనికిరాడు. కోడి కన్ను పగటి కోసం తయారైంది. రంగులు గుర్తించే కణాలు దానికి మనకంటే ఎక్కువ రకాలున్నాయి, చీకట్లో చూసే శక్తి మాత్రం బాగా తక్కువ. పొద్దుగూకితే ఎక్కిన కర్ర మీద బొమ్మలా కూర్చుంటుంది, పక్కనున్న కోడిని పట్టుకున్నా కదలదు. వీటి మూలపురుషుడైన ఎర్ర అడవికోడి చెట్టెక్కి పడుకునేది ఇందుకే. గూడులో పెట్టి తలుపేసే బాధ్యత మన మీద పడింది.

సాక్షి లేనప్పుడు శవాన్ని చూడాలి. అంతకంటే ముందు ఈకల్ని.

రాలిన ఈకను చేతిలోకి తీసుకుని కాడ చివర చూడండి. కాడ మొదలంటా నున్నగా, చర్మంలోంచి ఊడి వచ్చినట్టు ఉంటే అది పీకిన ఈక. డేగ, గద్ద జాతి పక్షులు తినేముందు ముక్కుతో ఈకల్ని పీకి పారేస్తాయి. వేట మీద కాలు మోపి ఒక్కచోటే కూర్చుని పీకుతాయి కాబట్టి ఈకలు గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. కొన్ని కాడల మీద ముక్కు నొక్కిన గుర్తు కూడా కనిపిస్తుంది. కుక్క, నక్క, పిల్లి జాతులకు అంత ఓపిక లేదు. పళ్లతో కొరికి లాగుతాయి. ఈక సగానికి తెగుతుంది, కాడ నలిగి చీలుతుంది, నాలుగైదు ఈకలు ఉమ్మితో అంటుకుని ముద్దగా పడి ఉంటాయి. ఈ ఒక్క గుర్తుతో నేరం ఆకాశం నుంచి జరిగిందా, నేల మీద జరిగిందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఆకాశం సంగతికి వస్తే, గద్ద పేరు అవసరానికి మించి చెడింది. ఏదైనా మాయమైతే "గద్ద తన్నుకుపోయినట్టు" అనడం మనకు అలవాటు. పిల్లల విషయంలో అది నిజమే. పట్టపగలు, ఈక రాలకుండా, ఒక్కసారికి ఒక్క పిల్ల చొప్పున తగ్గుతుంటే నల్లగద్దనో, షిక్రా అనే చిన్న డేగనో, చివరికి ఇంటి మీది కాకినో అనుమానించొచ్చు. కానీ "గద్ద మా పెట్టను ఎత్తుకుపోయింది" అంటే నమ్మనక్కర్లేదు. నల్లగద్ద బరువే కిలోలోపు. షిక్రా పావుకిలో తూగితే గొప్ప. కిలోన్నర పెట్టను అవి గాల్లోకి లేపలేవు. అడవంచు పల్లెల్లో తల మీద కుచ్చున్న పెద్ద గద్దలు ఎదిగిన కోడిని చంపగలవు గానీ, అప్పుడు నేల మీద ఈకల వలయం సాక్ష్యంగా మిగులుతుంది. గద్దల భయాన్ని పెంపకందారులే కాదు, కోళ్ల జాతుల్ని తయారుచేసేవాళ్లూ లెక్కలోకి తీసుకున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజాకు నాటుకోడి లాంటి రంగురంగుల ఈకలు, పొడవాటి కాళ్లు ఉండటం ఊరికే కాదు. ఆ రంగులు మట్టిలో, చెత్తలో కలిసిపోతాయి. ఆ కాళ్లు పరుగుకు పనికొస్తాయి.

నేల మీది వేటగాళ్లలో పెరటికి బాగా అలవాటు పడింది ముంగిస. ఇది పగటి జీవి. రాత్రి జరిగిన నష్టాన్ని ముంగిస మీద వేసేముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇది మరిచిపోతే ఏమవుతుందో చరిత్రలో రెండు గొప్ప ఉదాహరణలున్నాయి. 1872లో జమైకాలోని ఒక చెరకు తోటల యజమాని, ఎలుకల బెడద పోగొట్టడానికి కలకత్తా ప్రాంతం నుంచి తొమ్మిది చిన్న ముంగిసల్ని తెప్పించి వదిలాడు. మన బూడిదరంగు ముంగిసకు అవి దగ్గరి చుట్టాలు. తోటలో ఎలుకలు తిరిగేది ఎక్కువగా రాత్రి, ముంగిసలు తిరిగేది పగలు. కొన్నేళ్లలోనే అవి నేల మీద గూడు కట్టే పక్షుల మీద, ఇళ్లలోని కోళ్ల మీద పడ్డాయి. జపాన్‌లోని అమామి దీవిలోనూ 1979లో హబు అనే విషసర్పం కోసం సుమారు ముప్పై ముంగిసల్ని వదిలారు. ఆ పామూ రాత్రే తిరుగుతుంది. పాములు పాముల్లాగే ఉండగా, అక్కడి అరుదైన కుందేళ్లు ముంగిసలకు ఆహారమయ్యాయి. వాటిని పూర్తిగా ఏరివేశామని జపాన్ ప్రకటించడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది.

ముంగిస చంపిన కోడికి గాయం మెడ దగ్గరో, తల వెనకో ఉంటుంది. కోరలు దిగిన చిన్న చిన్న రంధ్రాలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒళ్లంతా చెక్కుచెదరకుండా ఉండి మెడ మాత్రం నెత్తురోడుతుంటే ఊళ్లో "రక్తం పీల్చేసింది" అంటారు. పీల్చదు. మెడలోని నాళాలు తెగి నెత్తురు కారిపోతుంది, ఎవరో అలికిడి చేస్తే ముంగిస కోడిని వదిలేసి కంచెలో దూరుతుంది, అంతే. గుడ్ల దగ్గర దీని తెలివి వేరు. ముంగిసల్లో కొన్ని జాతులు, ముఖ్యంగా ఆఫ్రికా చారల ముంగిస, గుడ్డును ముందుకాళ్లతో పట్టి, వెనక్కి తిరిగి, వెనక కాళ్ల మధ్య నుంచి రాయికేసి కొట్టి పగలగొడతాయి.

కోళ్లు పెంచేవాళ్లను అన్నిటికంటే రగిలించేది వేరే ఉంది. పొద్దున్నే గూడు తెరిస్తే పన్నెండు కోళ్లూ చచ్చి పడుంటాయి, ఒక్కటీ తిని ఉండదు. తినని దానికి చంపడమెందుకు? దీన్ని పైశాచికం అనుకుంటాం. డచ్ జంతుశాస్త్రవేత్త హాన్స్ క్రూక్ 1972లో దీని మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. తూర్పు ఆఫ్రికా సెరెంగెటి మైదానంలో గాలివాన కురిసిన ఒక చీకటి రాత్రి హైనాలు 82 థామ్సన్ గజెల్ జింకల్ని చంపి, మరో 27 జింకల్ని గాయపరిచి వదిలేశాయి. తిన్నది కొన్నిటినే. ఇంగ్లండులో సముద్రపక్షుల గుంపుల మీద చీకటి రాత్రుల్లో నక్కలు చేసిన పనీ ఇదే. క్రూక్ వివరణ ఏమిటంటే, వెతకడం, తరమడం, చంపడం, తినడం అనేవి వేటజంతువులో ఒకే గొలుసు కావు, విడివిడి కొలికులు. కడుపు నిండితే వెతకడం ఆగుతుంది. కానీ ఎదురుగా రెక్కలు కొట్టుకుంటున్న ప్రాణి ఉంటే చంపే కొలికి మళ్లీ మళ్లీ కదులుతుంది. అడవిలో ఇది ఎక్కువసార్లు జరగదు, ఎందుకంటే మొదటిది చిక్కేలోగా మిగతావి పారిపోతాయి. తలుపు బిగించిన గూడులో పారిపోవడానికి దారి లేదు. కాబట్టి ఆ పన్నెండు శవాల్లో కొంత పాపం గూటిది కూడా.

ఇలాంటి దృశ్యం ఎక్కువగా మిగిల్చేది ఊరకుక్క. దానికిది ఆకలి కాదు, ఆట. కోళ్లు అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉంటాయి, నడుము దగ్గర, తొడల దగ్గర నమిలిన గాయాలు, ఎముకలు విరిగి ఉంటాయి, మాంసం మాత్రం పోదు. నక్క అలా కాదు, కోడిని నోట కరుచుకుని పోతుంది. గూటి నుంచి పొలం గట్టు దాకా ఈకల దారి పడుతుంది, ఆ దారి ఒక పొద దగ్గర ఆగుతుంది. పిల్లి జాతి కూడా మోసుకుపోయేదే. అడవిపిల్లి చెరకు తోటల్లో, రెల్లు దుబ్బుల్లో కాపురముండి రాత్రిపూట ఊరంచు ఇళ్లకు వస్తుంది. పెట్టను మెడ వెనక కొరికి చంపి చాటుకు లాక్కెళ్లి, కండ తిని తోలూ ఈకలూ మిగులుస్తుంది. తడినేల మీద అడుగులు పడితే తేడా తెలుసుకోవడం తేలిక. కుక్క, నక్క అడుగుల ముందు గోళ్ల చుక్కలుంటాయి. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి గుండ్రటి ముద్రే తప్ప చుక్కలుండవు. ముంగిస, మానుపిల్లి అడుగుల్లో అయిదేసి వేళ్లు. ఉడుము నడిచిన చోట రెండు వైపులా గోళ్ల గీతలు, మధ్యలో తోక ఈడ్చిన గాడి.

జాలీ లోపల తలా మెడా మాత్రమే పోయిన కోడి కనిపిస్తే, లోపలికి ఎవరూ రాలేదని అర్థం. జాలీకి ఆనుకుని పడుకున్న కోడిని పిల్లో, ముంగిసో బయటి నుంచే పట్టి, రంధ్రంలోంచి వచ్చినంత లాక్కుపోయింది.

గుడ్లు పోయిన కేసులు వేరే పద్ధతిలో విప్పాలి. పెంకు ముక్క కూడా లేకుండా మాయమైతే పామే ముందు. నాగుపాము, జెర్రిపోతు గుడ్డును నమలవు, పగలగొట్టవు, అలాగే మింగుతాయి. దాంతో ఒక తమాషా జరుగుతుంది. సన్నటి సందులోంచి వచ్చిన పాము అయిదారు గుడ్లు మింగి ఉబ్బిన ఒంటితో మళ్లీ ఆ సందులో పట్టదు. పొద్దున గూట్లోనే చుట్టచుట్టుకుని దొరికిపోతుంది. పాములు పట్టేవాళ్లు తోక పట్టి బయటికి తీయగానే ఒక్కో గుడ్డూ కక్కుతుంది. కొన్నిటికి పగులు కూడా ఉండదు. ఒక్కోసారి చిన్నపెట్ట చచ్చి పడుంటుంది, గాయం కనిపించదు, తలా మెడా మాత్రం తడిసి ఈకలు అంటుకుపోయి ఉంటాయి. పాము తల నుంచి మింగబోయి, రెక్కల దగ్గర పట్టక వదిలేసిందన్నమాట. కాకి గుడ్డుకు రంధ్రం పొడుస్తుంది. జెముడుకాకీ అంతే, పిల్లల్నీ వదలదు. ఎలుక ఒక కొసన కొరుకుతుంది. ఇవేవీ కాకుండా గూట్లో గడ్డి మీద సొన అంటుకుని, పెట్ట ముక్కుకు పచ్చసొన కనిపిస్తే దొంగ ఇంట్లోదే. మేతలో సున్నం తక్కువై పెంకు పలచబడినప్పుడు గుడ్డు పగిలి, దాని రుచి మరిగి, కోడి తన గుడ్డు తనే తినడం నేర్చుకుంటుంది.

ఇన్ని గుర్తులున్నా ఒక పెద్ద పొరపాటుకు తావుంది. తిన్నవాడు వేరు, చంపినవాడు వేరు కావచ్చు. కొక్కెర తెగులు వచ్చిన ఊళ్లో కోళ్లు రాత్రికి రాత్రి రాలిపోతాయి, తెల్లవారేసరికి కుక్కలు వాటిని లాగుతూ కనిపిస్తాయి. దెబ్బలు కుక్కకు, తెగులు అలాగే మిగిలిన మందకు. దీన్ని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చచ్చిన కోడి గాయం దగ్గర తోలు తీసి చూస్తే చాలు (చేతులకు కవర్లు తొడుక్కుని). గుండె కొట్టుకుంటున్నప్పుడు పడిన కాటైతే తోలు కింద నెత్తురు గూడుకట్టి, కండ కమిలి నల్లబడి ఉంటుంది. చచ్చాక కొరికిందైతే కమిలిన జాడ ఉండదు. గొర్రెల్ని చంపిన జంతువేదో గాయంలోని ఉమ్మిలో దొరికే డీఎన్ఏతో తేల్చే పద్ధతి అమెరికాలో ఎప్పుడో వచ్చింది. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణి నేరాల్లో డీఎన్ఏ పరీక్షలు చేస్తుంది. అయితే అక్కడికి పులిగోరు, జింక మాంసం వెళ్తాయి గానీ పెట్టమెడ పట్టుకెళ్లినవాడెవడూ ఉండడు.

ఈకా, నెత్తురూ, అడుగూ ఏదీ లేకుండా, గడియ జాగ్రత్తగా తీసి, మంచి పుంజునే ఎంచి పట్టుకుపోతే మాత్రం, అందులోనూ సంక్రాంతికి ముందు, ఈ శాస్త్రమంతా పక్కన పెట్టొచ్చు. ఆ దొంగకు రెండే కాళ్లు.

దొంగ తెలిస్తే కాపలా తేలికవుతుంది. కోళ్ల జాలీ అని అమ్మే ఆరు పలకల సన్నతీగ వల కోడిని లోపల ఆపగలదు గానీ కుక్కను బయట ఆపలేదు, పళ్లతో లాగితే చినుగుతుంది. దాని రంధ్రంలోంచి పాము, ఎలుక నడిచి వస్తాయి. అరంగుళం రంధ్రాల వెల్డెడ్ మెష్ అయితే రెండూ ఆగుతాయి. తవ్వుకొచ్చే జంతువులకు ఇంకో ఉపాయం ఉంది. జాలీని గోడ దగ్గర నేల మీదికి వంచి, అడుగు వెడల్పున బయటికి పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, తీగ తగులుతుంది, అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

ఇవన్నీ ఖర్చుతో కూడినవని, చచ్చిన కోడికి పురుగుమందు పూసి కంచె దగ్గర పెట్టేవాళ్లున్నారు. దాన్ని తినేది ఆ దొంగే అన్న నమ్మకమేమీ లేదు. ఇంటి పిల్లి తింటుంది, పక్కింటి కుక్క తింటుంది, కాకులు తింటాయి. ముంగిస, ఉడుము, అడవిపిల్లి అన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మడ అడవుల దగ్గర మరో చిక్కు. అక్కడ నీటిపిల్లి, బావురుపిల్లి అని పిలిచే ఫిషింగ్ క్యాట్ ఉంది. కోరింగ అభయారణ్యం దానికి పేరుపొందిన చోటు. ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి అది, ప్రధానంగా బతికేది చేపల మీద. ఒంటి మీద మచ్చలున్న పెద్ద పిల్లి కాలవ గట్టున కనిపిస్తే చాలు, అడవిపిల్లి చేసిన దొంగతనం కూడా దాని ఖాతాలో పడుతుంది.

ముసలమ్మ గంప దగ్గరికి తిరిగి వద్దాం. పగలు గద్దకూ ముంగిసకూ వేళ, పోయింది రాత్రి. రాయి కదల్లేదు, కాబట్టి పిల్లి కాదు. పామైతే గంప అల్లికలోంచి దూరగలదు, మూడు పిల్లల్నీ మింగగలదు, ఈక మిగల్చదు. మేకల కాపరి మాట కొట్టిపారేయదగ్గది కాదు. తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. పొయ్యిలో బూడిద జల్లించి నేల మీద పలచగా చల్లడం. 2006లో కెమెరాల పద్ధతి వచ్చేదాకా మన దేశంలో పులుల లెక్క తేల్చింది కూడా అడుగుల ముద్రలే.

బూడిద చల్లడానికి ముందు నేల ఊడుద్దామని కోడలు గంప కింది గడ్డి తీసింది. గడ్డి అడుగున, గోడవారగా, పిడికిలి పట్టేంత కన్నం. చుట్టూ కొత్త మట్టి, నలిగి పొడిపొడిగా. కన్నం అంచున ఒక్క పసుపుపచ్చ నూగు ఈక అంటుకుని ఉంది.

పందికొక్కు. కిలో బరువు దాకా పెరిగే ఈ ఎలుక జాతి గోడల కింద, గాదెల కింద సొరంగాలు తవ్వుతుంది, పిల్లల్ని కన్నంలోకి లాక్కుపోయి తీరిగ్గా తింటుంది. దీని తెలుగు పేరే ఓడలెక్కి ఇంగ్లీషులోకి పోయి బాండికూట్ అయింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియా వెళ్లి, దీనితో ఏ చుట్టరికమూ లేని సంచి జంతువుకు పేరై కూర్చుంది. ఇంత ప్రయాణం చేసిన పేరు పెట్టుకున్న ప్రాణి, గంప కిందే కాపురముంటే ముగ్గురిలో ఒక్కరి నోటా దాని మాట రాలేదు.

కన్నంలో గాజుపెంకులూ రాళ్లూ దట్టించి, ఆ సాయంత్రం గంపను సిమెంటు అరుగు మీదికి మార్చారు. తల్లికోడి అరుగు దాకా వచ్చి ఆగిపోయింది. చల్లటి నున్నటి నేల దానికి నచ్చలేదు. ముసలమ్మ రెండు పిడికిళ్ల గడ్డి తెచ్చి పరిచింది. కోడి దాన్ని రెండుసార్లు కాలితో గీకి చూసి లోపలికి వెళ్లి కూర్చుంది. ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి రెక్కల కింద దూరాయి. గంప కమ్మి, రాయి పెట్టి, చుట్టూ బూడిద చల్లింది ముసలమ్మ.